ఫిన్లాండ్ సినిమా ‘సౌనా’ (2008) చూశాను. ఆ దెయ్యానికీ సరిహద్దు గొడవకీ ఏంటి సంబంధం?

మేడవాక్కం_రాత్రిషిఫ్టు:

ఏ.జె. అన్నిల తీసిన ‘సౌనా’ ఇక్కడ ఎవరైనా చూశారా? హారర్ అన్నారని రూమ్మేట్‌తో కలిసి పెట్టుకున్నాను. ఆ పిల్ల సగంలోనే ఫోన్ తీసుకుని పక్కకి తిరిగింది. నేను చివరిదాకా చూశాను. సగం అర్థం కాలేదు, ఆ అర్థంకాని సగమే నన్ను వదలట్లేదు.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను, క్లైమాక్స్ చెప్పను. 1595వ సంవత్సరం. స్వీడన్‌కీ రష్యాకీ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన యుద్ధం అప్పుడే ముగిసింది. కొత్త సరిహద్దు గీయడానికి రెండు దేశాల మనుషులూ ఒక కమిషన్‌గా కలిసి అడవుల్లో, చిత్తడి నేలల్లో నడుస్తుంటారు. స్వీడన్ తరఫున ఇద్దరు అన్నదమ్ములు. అన్న ఎరిక్ సిపాయి, కళ్ళు సరిగ్గా కనిపించక అద్దాలు పెట్టుకుంటాడు. తమ్ముడు క్నూట్ చదువుకున్నవాడు, మ్యాపుల పని వాడిది. దారిలో ఒక రైతు ఇంట్లో ఎరిక్ ఆ రైతుని చంపేస్తాడు. రైతు కూతుర్ని క్నూట్ నేలమాళిగలో పెట్టి తలుపు బిగించేస్తాడు. తర్వాత ఇద్దరూ వెళ్ళిపోతారు. పిల్లని విడిపించేశానని అన్న తమ్ముడికి చెబుతాడు. అది అబద్ధం. అక్కడినుంచి ఆ పిల్ల తమ్ముడికి కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత చిత్తడి మధ్యలో ఏ మ్యాపులోనూ లేని ఒక ఊరు తగులుతుంది. ఊరి బయట నీళ్ళలో పాలిపోయిన గోడలతో, చీకటి గుమ్మంతో ఒక సౌనా, అంటే ఆవిరి స్నానాల గది. అందులోకి వెళ్తే చేసిన పాపం కడుక్కుపోతుందట.

నా సందేహం ఏంటంటే, పిల్లని గదిలో పెట్టి వెళ్ళిపోయారు, ఆ పిల్ల వెంటాడింది, ఇంతే కదా కథ. దీన్ని ఏ కాలంలోనైనా, ఏ ఇంట్లోనైనా తీయొచ్చు. సంధి, కమిషన్, సరిహద్దు అంటూ ఇంత హంగామా ఎందుకు? ఇంకోటి, ఎరిక్‌ని విలన్ అనుకోవాలా వద్దా? చంపింది వాడే. కానీ సినిమా అంతా తమ్ముణ్ణి కాపాడుకోవాలని చూసేదీ వాడే.

వేళచ్చేరి_బాల్కనీ:

సంబంధం ఏమీ లేదు. బడ్జెట్ తక్కువ, అడవి ఫ్రీ, గుర్రాలు కూడా అక్కర్లేదు. నాలుగు పాత కోట్లు కుట్టించి పదహారో శతాబ్దం అన్నారు.

సరదాకి అన్నా గానీ, నాకైతే బోర్ కొట్టింది. మెల్లగా నడిస్తే లోతుందని అనుకోవడం మన సినిమా పిచ్చోళ్ళకి ఉన్న జబ్బు. ఫిన్లాండ్ వాళ్ళ చేతిలో భయపడాలని ఉంటే ‘హ్యాచింగ్’ (2022) చూడండి. హన్నా బెర్గోల్మ్ తీసింది. మా కుటుంబం ఎంత అందమైనదో చూడండి అని వీడియోలు పెట్టే తల్లి, జిమ్నాస్టిక్స్‌లో ఆమె కోసం ఒళ్ళు హూనం చేసుకునే కూతురు, ఆ కూతురు టెడ్డీబేర్‌లో దాచి పొదిగే గుడ్డు. ఎక్కడా అర్థం కాకపోవడం ఉండదు, భయం మాత్రం ఎక్కడికీ పోదు. మా అపార్ట్‌మెంట్‌లో అలాంటి చానెల్ నడిపే ఆంటీ ఒకావిడ ఉంది, లిఫ్టులో కలిస్తే ఇప్పుడు నేను మెట్లెక్కి పోతున్నాను.

గొలుసు_మనిషి:

అమ్మా, నేను సినిమాలు పెద్దగా చూసేవాణ్ణి కాదు. మా అబ్బాయి పెట్టాడని కూర్చున్నాను. కానీ నీ మొదటి ప్రశ్నకి జవాబు నా వృత్తిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

నేను సర్వేయర్ని. గొలుసు లాగే రోజుల్లో పని నేర్చుకున్నాను, కోణాలు కొలిచే థియోడలైట్ భుజాన మోశాను. ఇప్పుడు కుర్రాళ్ళు ప్రిజం పట్టుకుని ఎండలో నిలబడితే నేను టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం వెనక గొడుగు కింద నిలబడే వయసు. ఉండేది తాంబరం, పుట్టింది పల్లిపట్టు పక్కన.

సినిమా మొదలవగానే నన్ను పట్టుకున్నది దెయ్యం కాదు, ఆ గుంపు. నిన్నటిదాకా ఒకళ్ళ గొంతు ఒకళ్ళు కోసుకున్నవాళ్ళు ఒకే దారిలో, ఒకే మంట చుట్టూ. హద్దు వేసే పని ఎక్కడైనా అంతే. ఒక పక్షం పాతిన రాయిని రెండో పక్షం ఒప్పుకోదు, కాబట్టి ఇద్దరూ అక్కడ నిలబడాల్సిందే. మన దగ్గర అన్నదమ్ముల పొలం కొలవాలన్నా ముందు నోటీసు ఇచ్చి గట్టుకి రెండు వైపులవాళ్ళనీ పిలుస్తాం. వస్తారు. ఒకడు చెట్టు నీడలో కూర్చుంటే రెండోవాడు ఎండలోనే ఉంటాడు గానీ ఆ నీడలోకి రాడు. నేను గొలుసు వేస్తుంటే ఇద్దరూ నా చేతినే చూస్తారు, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోరు. రష్యన్ల పెద్ద సెమెన్‌స్కీకీ, ఎరిక్‌కీ మధ్య ఉన్న ఆ బిగుతు నాకు కొత్తేమీ కాదు.

చరిత్ర సంగతి. 1595 మే 18న నార్వా దగ్గర త్యూసినా అనే ఊళ్ళో సంధి జరిగింది. అంతకుముందు 1323లో వేసిన సరిహద్దు ఒకటి ఉంది. దక్షిణాన స్పష్టంగా, ఉత్తరానికి పోయేకొద్దీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకునేలా. ఆ రెండున్నర శతాబ్దాల్లో స్వీడన్ వైపు జనం గీత దాటి వెళ్ళి అడవి కొట్టుకుని స్థిరపడ్డారు. 1570 నుంచి, మధ్యలో విరామాలతో, పాతికేళ్ళు కొట్టుకున్నారు. సైన్యాలే కాదు, రైతులు కూడా గుంపులు కట్టి అవతలి ఊళ్ళమీద పడి తగలబెట్టి వచ్చేవాళ్ళు. త్యూసినా సంధి తర్వాత గీతని ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం దాకా తీసుకుపోవాలి. ఫిన్లాండ్ అప్పుడు దేశం కాదు, స్వీడన్‌లో భాగం. 1809 దాకా అంతే. అంటే సినిమాలో గీసేది ఎవరి నేలనో ఆ నేల మనుషులకి అందులో మాటే లేదు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తేల్చిన పాటస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పల్లిపట్టు వైపు ఊళ్ళు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చాయి. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకి పోయాయి. ఊరిని యూనిట్‌గా పెట్టుకున్నారు, ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువో చూశారు. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ మా తాతకి ఇల్లు ఒక ఊళ్ళో, చేను పక్క ఊరి లెక్కలో. ఇల్లు మద్రాసుకి వచ్చింది, చేను ఆంధ్రలో ఉండిపోయింది. చనిపోయేదాకా ఆయన రెండు రాష్ట్రాలకి శిస్తు కట్టాడు. రెండు రసీదు పుస్తకాలు, ఒకదానిమీద తెలుగు, ఒకదానిమీద అరవం, ఒకే ట్రంకు పెట్టెలో. ఆ రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టనిచ్చేవాడు కాదు. ఎందుకో ఎవరూ అడగలేదు. రక్తం చుక్క చిందకుండా వేసిన గీత అది. పాతికేళ్ళు ఒకళ్ళ ఊళ్ళు ఒకళ్ళు తగలబెట్టుకున్న చోట గీసే గీత ఎలా ఉంటుందో ఊహించుకో.

ఆ చిత్తడిలో ఊరి గురించి. అది పోరంబోకు. రెండు దేశాల రికార్డులోనూ లేదు. సర్వేకి వెళ్ళినప్పుడు ఇలాంటివి తగులుతాయి, ఎఫ్ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, ఖాళీగా ఉన్నచోట గుడిసెలు, గుడిసెల్లో మనుషులు. వాళ్ళు మనల్ని చూసి భయపడాలి కదా? భయం మనకే వేస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరూ వీళ్ళ గురించి రాయలేదంటే ఎవరైనా కావాలనే వదిలేశారా అనిపిస్తుంది. సినిమా ఆ అనుమానాన్ని బాగా పట్టుకుంది.

ఇప్పుడు అసలు మాట. సర్వేలో ట్రావర్స్ అని ఉంటుంది. ఒక రాయి దగ్గర మొదలుపెట్టి కోణాలు, దూరాలు కొలుచుకుంటూ పోయి, తిరిగి అదే రాయి దగ్గరికి వచ్చి కలపాలి. కలిపినప్పుడే ఎక్కడో ఎంతో తేడా వచ్చిందని తెలుస్తుంది. ఆ తేడాని అన్ని చోట్లకీ పంచి సరిచేస్తాం. తిరిగి రాకుండా ముందుకే పోతే? కాగితం మీద అంతా చక్కగానే కనిపిస్తుంది, తప్పు ఎంతుందో చెప్పేవాడే ఉండడు. నువ్వుండే మేడవాక్కం పక్కనే పెరుంబాక్కం గుట్ట ఉంది చూడు. 1802లో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వేయర్ సెయింట్ థామస్ మౌంట్ నుంచి అక్కడిదాకా ఏడున్నర మైళ్ళు ఉక్కు గొలుసుతో కొలిచాడు. దేశమంతా సాగిన త్రికోణమితి సర్వేకి అదే మొదటి గీత. ఆయన కూడా ఆ ఒక్క గీతని నమ్ముకుని పోలేదు. 1804లో బెంగళూరు దగ్గర ఇంకో గీత కొలిపించి లెక్కతో సరిచూసుకున్నాడు.

ఈ అన్నదమ్ములు చేసేది సరిచూసుకోని ప్రయాణం. ముందుకే, ఉత్తరానికే. ఆ ఇంటికి వెనక్కి పోవడానికి వాళ్ళకి దారి తెలుసు, కాళ్ళున్నాయి. కానీ కమిషన్ ఎదురుచూస్తోంది, రష్యన్లు ముందుంటారు, పని ఉంది. చంపడం కోపంలో జరిగిపోయింది అనుకుందాం, తలుపు వేయడం భయంలో జరిగింది అనుకుందాం. వెనక్కి వెళ్ళకపోవడం మాత్రం ప్రతి అడుగులోనూ మళ్ళీ మళ్ళీ చేసిన పని. అందుకే కథకి సరిహద్దు కావాలి. ‘వెళ్ళలేకపోయాం’ అని చెప్పుకోవడానికి దేశం ఇచ్చిన పనికంటే గొప్ప సాకు ఏముంటుంది? ఏదో ఇంట్లో జరిగిన కథే అయితే ప్రేక్షకుడు మొదటి పావుగంటలోనే ‘వెళ్ళి తలుపు తియ్యరా’ అని అరుస్తాడు. ఇక్కడ మనం కూడా అరవలేదు. మా అబ్బాయి అరవలేదు, నేను అరవలేదు. మ్యాపు ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తూ కూర్చున్నాం.

ఎస్పూ_రిటర్న్:

గొలుసు గారూ, నమస్కారం. ఇంత బాగా రాశాక నేను ఏం కలపాలో తెలియట్లేదు గానీ, సౌనా గురించి రెండు మాటలు రాస్తాను. మా ఆయన ఉద్యోగం వల్ల ఫిన్లాండ్‌లోని ఎస్పూలో ఉండి వచ్చాం. ఇప్పుడు మళ్ళీ చెన్నై ఉక్కపోతలో పడ్డాం, సౌనాకి డబ్బులు కట్టక్కర్లేదు.

అక్కడ సుమారు 55 లక్షల జనాభాకి 30 లక్షల పైచిలుకు సౌనాలున్నాయంటారు. మేమున్న బిల్డింగ్ కింద కూడా ఒకటి ఉండేది, వారానికి ఒక గంట మా వంతు. లోపల చెక్క బల్లలు, పొయ్యిమీద రాళ్ళు, చెక్క గరిటెతో నీళ్ళు పోస్తే ఒక్కసారి వేడి చెవుల మీదకి దిగుతుంది. మొదటిసారి నేను తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి ముసలావిడ ఒక్క మాట మాట్లాడలేదు, కానీ కింది బల్లమీదకి దిగమని చేత్తో చూపించింది. అక్కడ వేడి తక్కువట. లోపల గట్టిగా మాట్లాడరు, పోట్లాడుకోరు. చర్చిలో ఉన్నట్టు ఉండాలని వాళ్ళ సామెత. పాతకాలంలో పల్లెల్లో పురుళ్ళు అక్కడే పోసేవాళ్ళు, చనిపోయినవాళ్ళకి స్నానం కూడా అక్కడే చేయించేవాళ్ళు. ఇంట్లోకల్లా శుభ్రమైన, వెచ్చటి చోటు అదే కాబట్టి. 2020లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సినిమాలో ఉన్నది ఫిన్లాండ్ వాళ్ళు చూసి ‘అయ్యో, ఇది సౌనా ఏంటి?’ అనుకునేలా ఉంటుంది. దుంగల గోడల్లేవు, పొగ మసి లేదు, బయట కట్టెలు పేర్చి లేవు. కట్టెలూ మంటా లేకుండా చన్నీళ్ళలో నిలబడ్డ సున్నపు డబ్బా. మనకి అది వింత కట్టడం అంతే. వాళ్ళకి పుట్టిన గదీ, పోయాక కడిగే గదీ అలా చచ్చిపడి కనిపిస్తుంది. ఆ చీకటి గుమ్మంలోకి వెళ్ళడం ఎందుకంత భయమో మనం సబ్‌టైటిల్స్ చదివి తెలుసుకోలేం.

నాకు ఎరిక్ కన్నా క్నూట్ మీదే కోపం వచ్చింది. అన్న కత్తి నుంచి పిల్లని కాపాడాలనే తలుపు వేశాడా? నాకు నమ్మకం కుదరలేదు. వాడు ఆ పిల్లని చూసిన చూపు నాకు నచ్చలేదు, ఆడవాళ్ళు ఎవరైనా గమనిస్తారు. చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడతాడు, అన్నలా కరుకు కాదు. అందుకే మనం వాణ్ణి అనుమానించం.

మేడవాక్కం_రాత్రిషిఫ్టు:

అక్కా, ఆ చూపు సంగతి నేను కూడా గమనించాను, కానీ నా ఊహేమో అనుకుని రాయలేదు.

గొలుసు సార్, ట్రావర్స్ మాట చదివాక ఆఫీసులో పని జరగలేదు. పెరుంబాక్కం గుట్ట మా బస్సు దారిలోనే, ఇన్నాళ్ళూ అది మామూలు గుట్టే అనుకున్నాను. సరే, ఒక అనుమానం. మీరన్నట్టు వెనక్కి వెళ్ళకపోవడమే తప్పయితే, మరి సౌనాలోకి వెళ్ళడం ఏంటి? అది పశ్చాత్తాపం కాదా? కనీసం ఏదో ఒకటి చేస్తున్నారు కదా.

వేళచ్చేరి_బాల్కనీ:

గొలుసు గారి పోస్టు సినిమాకన్నా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక మాట. ఇదంతా మీరు సినిమాలోకి తీసుకెళ్ళిందా, సినిమా మీకు ఇచ్చిందా? పల్లిపట్టులో పుట్టని, ఎస్పూలో ఉండని నాలాంటివాడికి తెరమీద కనిపించింది ఇద్దరు గడ్డపు మనుషులు బురదలో గొణుక్కోవడం. ఆ ఊరి జనానికి ఒక్కడికైనా ముఖం ఉందా? వరసగా నిలబడి చూస్తుంటారు, అంతే. మధ్యలో అరగంట ఎవరు ఎక్కడికి ఎందుకు పోతున్నారో దర్శకుడికి కూడా తెలియదనిపించింది. గంటన్నర కూడా లేని సినిమాలో అరగంట అంటే చిన్న విషయం కాదు.

గొలుసు_మనిషి:

బాల్కనీ తమ్ముడూ, మధ్యభాగం గురించి నువ్వన్నది నిజమే. ఊరి జనం విషయంలోనూ అంతే. ఆ ఊరి మనిషి ఒకడు ఎదురు నిలబడి ‘మమ్మల్ని ఏ వైపు వేస్తున్నారు?’ అని అడిగి ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేది. పొలంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. గొలుసు నేలమీద పడకముందే అడుగుతారు. చీర కొంగు నడుముకి దోపుకుని ఒక ముసలమ్మ వచ్చి, ‘నాయనా, నా బాయి ఎవురి పక్కకి పోతాది?’ అని అడుగుతుంది. మనం చెప్పకూడదు, రూలు ఒప్పుకోదు. కానీ మన కళ్ళల్లో చూసి తెలిసేసుకుంటుంది. ఈ సినిమా తీసినవాళ్ళు ఎప్పుడూ అలాంటి ముసలమ్మ ముందు నిలబడి ఉండరు.

సినిమా ఇచ్చిందా, నేను తీసుకెళ్ళానా అంటే, రెండూ. నేను లేకుండా నా కళ్ళు సినిమాకి పోవు కదప్పా.

అమ్మా, నీ సందేహం. సౌనా ఇచ్చే మాట ఏంటి? వెనక్కి వెళ్ళక్కర్లేదు, ఆ పిల్ల ముఖం చూడక్కర్లేదు, ఇక్కడే ఉన్నచోట కడుక్కోవచ్చు. తప్పు చేసినవాడికి ఇంతకంటే తియ్యటి మాట ఉండదు. ఆ కట్టడం అంత పాడుగా కనిపిస్తున్నా క్నూట్ దానివైపే లాగబడేది అందుకే అని నా అభిప్రాయం. అది పశ్చాత్తాపం అయితే వాడి కాళ్ళు దక్షిణానికి తిరిగేవి.

ఎరిక్ సంగతి. వాడు చంపినవాళ్ళని లెక్క పెట్టుకుంటూ తిరిగే మనిషి. విలన్ కాదనను, కానీ వాడికి తన లెక్క తెలుసు. లెక్కలో తప్పు కావాలని ఒక్కచోటే వేశాడు, తమ్ముడికి చెప్పిన ఆ అబద్ధం దగ్గర. అది కూడా ప్రేమతోనే. నిజం చెబితే క్నూట్ వెనక్కి పరిగెడతాడు, కమిషన్ పోతుంది, వాడి భవిష్యత్తు పోతుంది, కాబట్టి నోరు నొక్కుకున్నాడు. విల్లె విర్తానెన్ ఆ పాత్రలో అద్దాలు సర్దుకునే తీరు చూడు. మా పాత హెడ్ సర్వేయర్ ఒకాయన ఉండేవాడు, చూపు మందగించినా ఎవరికీ చెప్పకుండా రీడింగులు అరిచేవాడు. మేము రాసుకునేవాళ్ళం. ఆయన అద్దాలు తుడిచిన ప్రతిసారీ మాకు టెన్షన్, ఇప్పుడు చెప్పబోయేది చూసి చెబుతాడా, అలవాటుకొద్దీ చెబుతాడా అని. ఎరిక్ తెరమీద ఉన్నంతసేపూ నాకు అదే టెన్షన్.

ఎస్పూ_రిటర్న్:

గొలుసు గారూ, ‘కాళ్ళు దక్షిణానికి తిరిగేవి’ అన్నదానితో నేను పూర్తిగా ఒప్పుకోను. వెనక్కి వెళ్ళినా ఆ పిల్ల బతికి ఉండేదా? కొన్ని రోజులు నడిచాక ఆ తలుపు తెరిస్తే కనిపించేది ఏంటో ఇద్దరికీ తెలుసు. అక్కడికి వెళ్ళడం కూడా తమ బరువు దింపుకోవడానికే అవుతుంది, ఆ పిల్లకి ఒరిగేదేమీ లేదు. ఏ దారీ మిగలని స్థితి అది. సినిమాలో నాకు భయం వేసింది అందుకే.

గొలుసు_మనిషి:

కనీసం పూడ్చిపెట్టేవాళ్ళు కదమ్మా.

వేళచ్చేరి_బాల్కనీ:

సరే, నేను ఓడిపోలేదు గానీ తప్పుకుంటున్నాను. సినిమా రెండోసారి చూడను. గొలుసు గారూ, మీ తాతగారి రెండు రసీదు పుస్తకాలు ఇంకా ఉంటే ఫోటో పెట్టండి. పాటస్కర్ తీర్పు గురించి వేరే థ్రెడ్ తెరవండి, మొదటి కామెంట్ నాదే. మా అమ్మమ్మవాళ్ళది సత్యవేడు.